ప్యానెల్ ఉన్న క్లాసులోకి పలకలు మళ్లీ ఎందుకు తెచ్చానంటే

మీ ప్రశ్న ఇది: "డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ టీచరుగా కొత్తగా చేరాను. పొదిలి వైపు జడ్పీ హైస్కూలు. క్లాసులో పెద్ద ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఉంది. వీడియోలు వేస్తే పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. స్లిప్ టెస్ట్ పెడితే మాత్రం సగం మంది ఖాళీ పేపరు ఇస్తున్నారు. రోజూ ప్యానెల్ వాడాలని హెచ్‌ఎం గారంటారు, చాక్‌పీసు చాలని సీనియర్లంటారు. ఎవరి మాట వినాలి?"

తమ్ముడూ, వయసులో మీకంటే చాలా పెద్దదాన్ని కాబట్టి అలా పిలుస్తున్నాను. నాదీ ఫిజికల్ సైన్సే. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం తర్లుపాడు, కొనకనమిట్ల, కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలోనే గడిచింది. మీ ప్రశ్నలో నా కళ్లు ముందుగా ఆగింది ఆ ఖాళీ పేపర్ల దగ్గర. ప్యానెల్ సంగతి తర్వాత చూద్దాం.

ఖాళీ పేపరు ఇచ్చిన పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అదే ప్రశ్న తెలుగులో, నోటితో అడగండి. కొందరు టకటకా చెప్పేస్తారు. వాళ్లకు అడ్డం పడింది సైన్సు కాదు, ప్రశ్నలోని ఇంగ్లీషు. మన పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్నాయి కదా, వాళ్లకు ముందు తెలుగు పేజీ చదివి, తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళ్లే అలవాటు చేయిస్తే నెలలోనే తేడా తెలుస్తుంది. ఇంకొందరు వీడియోలో చూసిన బొమ్మను వర్ణిస్తారు కానీ అలా ఎందుకు జరిగిందో చెప్పలేరు. మరికొందరికి తెలుగు పేరా కూడా కూడబలుక్కుంటేనే గాని రాదు. హైస్కూలుకు వచ్చాక కూడా అలాంటివాళ్లు ఉంటారు, వాళ్లను చూసి మీరు బెదిరిపోవద్దు, వాళ్లను దాచేయనూ వద్దు. ఈ మూడు రకాల పిల్లలకూ ఒకే వీడియో వేసి ఒకే ఫలితం రావాలంటే రాదు.

నేను ఈ తప్పు ఏడాది పొడవునా చేశాను. ఒక బడిలో ప్రొజెక్టర్ వచ్చిన కొత్తలో, రాత్రిళ్లు కూర్చుని ప్రతి పాఠానికీ స్లైడ్లు తయారుచేశాను. రంగులు, బాణాలు, కదిలే బొమ్మలు. సిలబస్ నవంబరుకే పూర్తయింది. పిల్లలు అల్లరి చేయలేదు, నోట్సు చక్కగా రాసుకున్నారు. నేను బాగా చెబుతున్నాననే గట్టి నమ్మకంతో ఉన్నాను. ఒకరోజు పదో తరగతిలో, విద్యుత్ పాఠం మొత్తం అయిపోయాక, నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసే ఒక అమ్మాయికి టార్చిలైటు బల్బు, ఒక సెల్, ఒక వైరు ముక్క ఇచ్చి వెలిగించమన్నాను. వైరు ఒక కొస సెల్‌కు, రెండో కొస బల్బు అడుగుకు ఆనించి నా వంక చూసింది. వెలగలేదు. క్లాసులో ఇంకెవరైనా ప్రయత్నించమంటే దాదాపు అందరూ అదే చేశారు. ఓమ్ నియమం మీద లెక్కలు చేసే పిల్లలు వాళ్లు. ఆ రోజు ఇంటికెళ్లే బస్సులో నాకు ఏడుపొచ్చింది. ఏడాదంతా నేను చెప్పింది వాళ్లు చూశారు, వాళ్లేం అనుకుంటున్నారో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మరుసటి రోజు ఆ అమ్మాయినే అడిగాను, ఒక్క వైరు చాలని ఎందుకనుకున్నావమ్మా అని. "మా ఇంట్లో బల్బుకు ఒక్క వైరే వస్తుంది కదా మేడం" అంది. ఎంత సరైన కారణమో చూడండి. పైకప్పు నుంచి వేలాడే వైరు బయటికి ఒకటిగానే కనబడుతుంది. ఆ తొడుగు లోపల రెండు తీగలుంటాయని ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు. పాత వైరు ముక్క తెచ్చి, బ్లేడుతో తొడుగు చీల్చి, లోపలి రెండు తీగల్ని వాళ్ల చేతికిచ్చాను. "ఒకటి పోవడానికి, ఇంకోటి తిరిగి రావడానికి" అని వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి అన్నాడు. నేను ముప్పై స్లైడ్లలో చెప్పలేకపోయింది అదే.

అప్పటినుంచి నా క్లాసులోకి పలకలు వచ్చాయి. మన మార్కాపురం పలకల సంగతి మీకు తెలుసు, ఇక్కడి రాయి పలకలై దేశమంతా, విదేశాలకూ వెళ్లింది. ఒకటో తరగతిలో అక్షరాలు దిద్ది అటకెక్కించే పలకను నేను పదో తరగతిలో పెట్టాను. మొదట్లో పిల్లలు నామోషీ పడ్డారు. వారం తర్వాత పలక ఇవ్వకపోతే వాళ్లే అడిగారు. పద్ధతి చాలా చిన్నది. ఒక ప్రశ్న అడుగుతాను. ఎవరూ పైకి చెప్పకూడదు. అందరూ పలక మీద రాయాలి లేదా బొమ్మ గీయాలి. నేను మూడు లెక్కపెట్టగానే అందరూ ఒక్కసారే పలకలెత్తాలి. నలభై మంది మనసులో ఏముందో పది సెకన్లలో నాకు తెలిసిపోతుంది. చేతులెత్తమని అడిగితే ముందు బెంచీలోని ఐదుగురే సమాధానం చెబుతారు, మనం క్లాసంతా అర్థం చేసుకుందనుకుని ముందుకెళ్లిపోతాం.

ప్యానెల్ మన దగ్గరున్నదాన్ని పిల్లలకు చూపిస్తుంది. పలక పిల్లల దగ్గరున్నదాన్ని మనకు చూపిస్తుంది. ఈ రెండో పని జరగని క్లాసులో ఎంత ఖరీదైన పరికరం పెట్టినా టీచరు చీకట్లోనే పాఠం చెబుతున్నట్టు లెక్క. మీ హెచ్‌ఎం గారూ, సీనియర్లూ ఇద్దరూ పరికరం గురించే మాట్లాడుతున్నారు. చాక్‌పీసుతో రాసుకుంటూ పోయినా ఇదే చీకటి, అందులో తేడా ఏమీ లేదు.

పలకలు ఎత్తించడంతో పని అయిపోదు. ఎత్తాక కనబడిన తప్పును ఏం చేస్తామన్నదే అసలు బోధన. మా బడిలో లెక్కల టీచరుకు జరిగింది చెబుతాను. ఏడో తరగతిలో సగానికి మూడో వంతు కలపమంటే క్లాసులో చాలామంది 2/5 అని రాశారు. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. "తప్పు, క.సా.గు. తీయాలి" అని బోర్డు మీద మళ్లీ చేసి చూపించడం మనకు అలవాటు. ఆవిడ అలా చేయలేదు. "పూర్ణంబూరె సగం తిన్నావు. తర్వాత ఇంకా మూడో వంతు తిన్నావు. మొత్తం తిన్నది సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడిగింది. అందరూ ఎక్కువ అన్నారు. "మరి 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?" క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఐదులో సగం రెండున్నర, రెండు అంతకంటే తక్కువ అని ఒక పిల్ల లెక్కగట్టింది. తిన్నకొద్దీ తగ్గిపోవడమేమిటని వాళ్లకే అనుమానం వచ్చింది. ఆ తర్వాత క.సా.గు. చెబితే అది వాళ్ల ప్రశ్నకు జవాబైంది. ఆ ప్రశ్న ఏ ప్యానెల్లోనూ లేదు, ఆవిడ బుర్రలో ఉంది. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ జారతారో, జారినప్పుడు ఏం అడగాలో తెలియడమే ఈ వృత్తిలో మనకున్న ఆస్తి. మీరు ఇప్పటినుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకుని పాఠం వారీగా పిల్లల తప్పులు రాసుకోండి. నా దగ్గర అలాంటివి పదకొండు ఉన్నాయి.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో టీచర్ల క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లకు పెంచితే సమాధానాలు పొడవుగా వచ్చాయి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. నేను మనసులో ఐదు లెక్కపెట్టుకుంటాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టం, టెన్షన్‌గా ఉంటుంది. భరించాలి.

ఇక ప్యానెల్. దాన్ని మూలన పెట్టమని నేను అనను. చేత్తో చూపించలేనివి చాలా ఉన్నాయి, వాటికి అది వరం. విద్యుత్ పాఠమే తీసుకోండి. ఒక సెల్, ఒక బల్బు, ఒక వైరు ఇచ్చి ఎలా కలిపితే వెలుగుతుందో ముందు పలక మీద గీయమనండి. తర్వాత చేత్తో చేయించండి. బల్బు అడుగు బొడిపెను సెల్ మీది కొనకు ఆనించి, సెల్ అడుగు నుంచి వైరును బల్బు పక్కనున్న లోహపు భాగానికి తాకిస్తే వెలుగుతుంది. ఆ వెలుగు చూసినప్పుడు వాళ్ల మొహాలు చూడండి, పదో తరగతి పిల్లలు కూడా కేక పెడతారు. తర్వాత రెండు బల్బులు వరసగా కలిపి ఏది ఎక్కువ వెలుగుతుందని అడగండి. సెల్‌కు దగ్గరున్నదే అని చాలామంది రాస్తారు, మొదటి బల్బు కరెంటు కొంత తినేస్తుందని వాళ్ల ఊహ. ఒకే రకం బల్బులైతే రెండూ ఒకేలా వెలుగుతాయి. కరెంటు కొలిచే అమ్మీటరును బల్బుకు ముందు పెట్టినా తర్వాత పెట్టినా అదే రీడింగు. ఇప్పుడు క్లాసులో గొడవ మొదలవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ప్యానెల్ ఆన్ చేసి ఫెట్ సిమ్యులేషన్లలోని (తెర మీద చేసి చూసే ప్రయోగాల్లోని) సర్క్యూట్ కిట్ తెరవండి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసింది, ఉచితం, నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. తీగలో ఎలక్ట్రాన్లు బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో కదలడం అందులో కంటికి కనబడుతుంది. బల్బు ఖర్చు పెట్టేది శక్తిని, ఎలక్ట్రాన్లను కాదని అప్పుడు చెబితే తలకెక్కుతుంది. ఇదే సిమ్యులేషన్ పీరియడ్ మొదట్లో వేసి ఉంటే వాళ్లకు అదొక కదిలే బొమ్మ మాత్రమే. ముందు ఊహ, తర్వాత చేత్తో ప్రయోగం, ఆ తర్వాత తెర. ఈ వరస ఎప్పుడూ తప్పకండి.

వీడియో వేసినా మూడు నిమిషాలు మించి ఒకేసారి వద్దు. మధ్యలో ఆపి, తర్వాత ఏం జరుగుతుందో రాయించండి. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది. శబ్దం తీసేసి, నడుస్తున్న వీడియోకు పిల్లల్నే తెలుగులో వ్యాఖ్యానం చెప్పమంటాను. గుండె కవాటాల వీడియోకు ఒక పిల్లవాడు వాటిని వాళ్ల చేను దగ్గరి కాలువ తూముతో పోల్చి చెప్పాడు, అంతకంటే మంచి పరీక్ష నేను పెట్టలేను. లెక్కల టీచరుకు జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ చూపించండి, త్రిభుజం మూలను వేలితో లాగుతుంటే కోణాలు మారుతూ మొత్తం 180 దగ్గరే నిలవడం బోర్డు మీద గీసి చూపించలేం. ఫోనుతో ఒక పిల్లవాడి నోట్‌బుక్ ఫొటో తీసి, పేరు కనబడకుండా ప్యానెల్ మీద పెట్టి, ఎక్కడ దారి తప్పిందో క్లాసుతో వెతికించడం కూడా మంచి ఉపయోగమే. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది, పిల్లల చేతిలో అట్టముక్కలు, మీ చేతిలో ఒక్క ఫోను చాలు, వాళ్లు ఎత్తిన కార్డుల్ని ఫోను చదివి ఎవరు ఏ ఆప్షన్ ఎంచుకున్నారో చెబుతుంది. బిట్లకు బాగుంటుంది, బొమ్మ గీయించాలంటే మళ్లీ పలకే. మధ్యాహ్నం కరెంటు పోవడం మామూలే కనుక కావలసినవి ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ప్యానెల్ లేకుండా కూడా ఆ పీరియడ్ నడిచేలా ఒక దారి సిద్ధంగా ఉంచుకోండి.

యంత్రం వస్తే చదువు వచ్చేస్తుందన్న ఆశ కొత్తది కాదు. 1975లో అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా, సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. 2004 సెప్టెంబరు 20న, అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి, చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహం పైకి వెళ్లింది. ఇప్పుడు ట్యాబులు, ప్యానెళ్లు. ప్రతిసారీ మంచి ఉద్దేశంతోనే వచ్చాయి, ప్రతిసారీ పిల్లవాడి పక్కన నిలబడే మనిషి అవసరం అలాగే ఉండిపోయింది. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాపులు పంచి, ఏడాదికి పైగా గడిచాక పరీక్షించి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ మెరుగుదల కనబడలేదు. అదే మన ఢిల్లీలో, బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలలు చదివిన పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకెళ్లారని 2019లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. రెండూ కంప్యూటర్లే. ఢిల్లీలో ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కో పిల్లవాడు నిజంగా ఏ స్థాయిలో ఉన్నాడో కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి లెక్క అవసరమైతే అదే ఇచ్చింది. పైగా చిన్న బృందాలకు పక్కన ఒక మనిషి కూడా పాఠం చెప్పారు. మంచి టీచరు చేసే పనిని యంత్రం కొంత చేయగలిగింది కాబట్టే ఫలితం వచ్చిందని నేను నమ్ముతాను.

మన ప్రాంతంలో టెక్నాలజీకి నేను చూసిన అతి మంచి ఉపయోగం నీళ్ల దగ్గర జరిగింది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ కష్టం మీకు చెప్పక్కర్లేదు, పళ్ల మీద గారలు, వంగిన కాళ్లు చూస్తూనే పెరిగాం. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు తమ వీధి బోరు నుంచి సీసాలో నీళ్లు తెచ్చారు. తాగునీటి విభాగం వాళ్ల టెస్ట్ కిట్ అడిగి తెచ్చుకుని, రంగును చార్టుతో పోల్చి ఫ్లోరైడ్ ఎంతుందో రాసుకున్నాం. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని ప్రమాణం. ఆ అంకెల్ని పిల్లలే స్ప్రెడ్‌షీటులో ఎక్కించారు, ప్యానెల్ మీద స్తంభాల పటం వచ్చింది. తన వీధి స్తంభం గీత దాటి పైకి లేచిన పిల్లవాడు పాఠం మధ్యలో నిద్రపోతాడా? లోతైన బోరుకు ఎక్కువెందుకు, చెరువు నీళ్లకు తక్కువెందుకు అని వాళ్లే అడిగారు. రాళ్లు, లవణాలు, కరగడం, గాఢత, అంతా దాని వెనకే వచ్చింది. ప్యానెల్ అక్కడ ఎంతో పనికొచ్చింది, ఎందుకంటే దాని మీద కనబడింది పిల్లలు కష్టపడి తెచ్చిన వాళ్ల సొంత సమాచారం.

ఊరి బతుకు పాఠంలోకి వస్తే ఏమవుతుందో పక్కనే నెల్లూరు జిల్లాలో మా తరం వాళ్లం కళ్లారా చూశాం. 1990లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిపూట వయోజన మహిళలకు చదువు. వాచకంలో ఒక పాఠం, తాగుడు వల్ల కుటుంబం కూలిపోయిన ఒక ఆడమనిషి కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆ చదువు చర్చగా మారి, రోశమ్మ లాంటి మహిళలు సారా దుకాణం మూయించేదాకా వెళ్లింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్కడున్న పరికరాలు ఒక వాచకం, ఒక పలక. పాఠం చదివించి ఊరుకోకుండా "మన ఊళ్లో ఎలా ఉంది?" అని అడిగి, వచ్చిన జవాబును ఓపిగ్గా విన్నవాళ్లు ఉన్నారు కాబట్టే అది అంత దూరం వెళ్లింది.

కరోనా రోజులు కూడా మర్చిపోలేను. 2020 మార్చిలో బడులు మూసేశాక సప్తగిరి చానల్లో పాఠాలు వచ్చాయి, మేం వాట్సాప్‌లో పంపాం. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉన్న ఒక్క ఫోను పనికెళ్లిన తండ్రి జేబులో ఉండేది. నవంబరులో తొమ్మిది, పది తరగతులు మొదలైనప్పుడు వాళ్లు మరిచిపోయిన పాఠాలకంటే, ప్రశ్న అడగడం మరిచిపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. దాన్ని తిరిగి తేవడానికి నాకు ఏడాది పట్టింది.

హెచ్‌ఎం గారి సంగతి. ఆయనతో వాదన వద్దు, ఆయనకూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. "రోజూ వాడతాను సార్, ఎక్కడ వాడాలో నేను నిర్ణయించుకుంటాను, ఒక పీరియడ్ వచ్చి వెనక కూర్చుని చూడండి" అని అడగండి. పలకలెత్తించే పీరియడ్‌కే పిలవండి. నన్ను మొదట్లో ప్రశ్నించిన హెచ్‌ఎం ఒకరు అలా ఒకసారి కూర్చున్నాక, మరుసటి వారం తన సోషల్ క్లాసుకు పలకలు అడిగి పట్టుకెళ్లారు. చాక్‌పీసు చాలన్న సీనియర్ల దగ్గరికీ వెళ్లండి, ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ పొరబడతారో అడగండి. వాళ్ల దగ్గర అది పుట్లకొద్దీ ఉంటుంది, అడిగేవాళ్లు లేక అలా ఉండిపోయింది.

సోమవారం నుంచి ఇలా మొదలుపెట్టండి. నలభై పలకలు కొనడానికి డబ్బు లేకపోతే పాత క్యాలెండర్ అట్టల మీద తెల్ల కాగితం అంటించి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు తొడిగి మార్కరు పెన్నుతో రాయించండి, గుడ్డతో తుడిస్తే పోతుంది. పీరియడ్‌కు ఒక్క ప్రశ్న చాలు, పాఠం సగంలో అడగండి. పలకలెత్తాక సరైన సమాధానం వెంటనే చెప్పకండి. రెండు వేర్వేరు సమాధానాలున్న పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరికొకరు ఒప్పించుకోమని రెండు నిమిషాలివ్వండి, తర్వాత మళ్లీ రాయించండి. ఆ రెండోసారికి ఎంతమంది మారారో, ఎటు మారారో లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసుకోండి. చదవడం రాని పిల్లలకు ఉదయం ప్రార్థనకు ముందు పావుగంట విడిగా ఇవ్వండి, వాళ్లతో తెలుగు పేజీలో ఐదు లైన్లు చాలు.

మీ క్లాసుకు మొదటి ప్రశ్నగా ఆ ఒక్క సెల్, ఒక్క బల్బు, ఒక్క వైరు బొమ్మే అడగండి. పిల్లలు గీసిన తప్పు బొమ్మలు ఎన్ని రకాలొచ్చాయో నాకు రాయండి, దేనికి ఏం అడగాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. పోయినేడు నాకు ఏడు రకాలొచ్చాయి.